ట్రంకుపెట్టెలోని కాగితాలు

పిల్లలూ! మీ ఇంట్లో అటక మీదనో, బీరువా అడుగు అరలోనో ఒక పెట్టె ఉండే ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దని పెద్దవాళ్లు మీకు చెప్పే ఉంటారు. అందులో నగలుండవు, డబ్బుండదు. ఉన్నవన్నీ కాగితాలే. అయినా మీ నాన్నగారు దాన్ని అంత భద్రంగా ఎందుకు చూసుకుంటారో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ సంగతి తెలుసుకోవటానికి మనం నార్సింగిలో ఒక ఇంటికి పోదాం. ఇల్లు మనం ఊహించుకున్నదే గాని, ఊరు నిజమైనదే. అది గోలకొండకు పడమట, మూసీ ఒడ్డున ఉన్నది. ఒకప్పుడది పొలాల మధ్య పల్లె. ఇప్పుడు దాని చుట్టూ ఆకాశాన్నంటే మేడలు లేచాయి. ఔటర్ రింగు రోడ్డు ఊరి పక్కనుంచే పోతున్నది. ఊరికి ఎగువన గండిపేట చెరువు ఉన్నది. దాని అసలు పేరు ఉస్మాన్‌సాగర్. వానలు మెండుగా కురిసి గండిపేట గేట్లు ఎత్తినప్పుడు నార్సింగి నుంచి మంచిరేవులకు పోయే దారి మీదికి నీళ్లు వస్తాయి. అప్పుడు ఆ దారి మూసేస్తారు.

అలాటి వానాకాలంలో ఒక రాత్రి. మర్నాడు అక్క కాలేజీలో చేరాలి. పదో తరగతి మెమో, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం అన్నీ పట్టుకుని పొద్దున పది గంటలకల్లా అక్కడ ఉండాలి. నాయన అటక ఎక్కి ట్రంకుపెట్టె దించాడు. మూత తెరిచి, "అయ్యో!" అన్నాడు.

పైన రేకు సందులోనుంచి రెండు రోజులుగా ఒక్కొక్క బొట్టే పెట్టె మీద పడుతున్నది. మూత తుప్పుపట్టి చిల్లి పడింది. కాగితాలన్నీ తడిసి, ఉబ్బి, అట్టలాగా అంటుకుపోయాయి.

అక్క మెమో ప్లాస్టిక్ కవరులో ఉన్నది గనక బతికింది. కుల ధ్రువపత్రం మీద సిరా అలుక్కుపోయింది. అన్నిటికంటె అడుగున ఒక నీలం రంగు ఉత్తరం ఉన్నది. అది తాత బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసే రోజుల్లో నాయనమ్మకు రాసినది. తాత చనిపోయి చాలా ఏళ్లయింది. ఉత్తరంలో ఇప్పుడు ఒక్క అక్షరం కూడా కనిపించలేదు. కాగితమంతా నీలంగా మరకలు కట్టింది.

నాయనమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఏమీ మాట్లాడలేదు.

తడిసిన కాగితాలను ఏం చేయాలి?

అమ్మ మటుకు చేతులు ముడుచుకు కూర్చోలేదు. అంటుకున్న కాగితాలను బలవంతాన లాగితే చిరిగిపోతాయి. అందుకని సులువుగా విడివడే వాటినే విడదీసి, మధ్యమధ్య తెల్లకాగితాలు పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టింది. తెల్లకాగితాలు తడిసినకొద్దీ మార్చింది. ఫోటోలను బొమ్మ పైకి ఉండేటట్టు పరిచింది. ఎండలో పెట్టలేదు, ఇస్త్రీ చేయలేదు, గుడ్డతో రుద్దలేదు. తడి కాగితాన్ని రెండు రోజులు అలాగే వదిలేస్తే బూజు పట్టటం మొదలుపెడుతుంది. ఒకేసారి అన్నీ ఆరబెట్టటం సాధ్యం కాకపోతే, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో పెట్టవచ్చు. చలికి బూజు పెరగదు. తరవాత తీరిగ్గా ఒక్కొక్కటే ఆరబెట్టుకోవచ్చు. వరదల్లో పుస్తకాలు తడిసినప్పుడు పెద్ద పెద్ద గ్రంథాలయాలవాళ్లు కూడా ఈ పనే చేస్తారు.

అక్క పని ఎలాగో గట్టెక్కింది. కుల ధ్రువపత్రం మీసేవ కేంద్రంలో మళ్లీ తీసుకుని వారం లోపల ఇస్తామని చెబితే కాలేజీవాళ్లు ఒప్పుకున్నారు.

నీళ్లు, నిప్పు, చెదలు

కాగితానికి ఇంతమంది శత్రువులుండటం కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. ఆ వరదలో సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. వేలకొద్దీ ఇళ్లు కూలాయి. ఇల్లే కొట్టుకుపోతే ఇంటి కాగితాలు మిగలవు గదా! మళ్లీ అలాటి ఆపద రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద నది ఎగువన రెండు జలాశయాలు కట్టారు. 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయ్యాయి. అయినా 2020 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన వానకు నగరంలో ఎన్నో కాలనీలు నీట మునిగాయి.

కాగితం నిలవదని మన పెద్దలకు బాగా తెలుసు. రాజులు దానశాసనాలను రాగిరేకుల మీద చెక్కించారు. రాగికి చెదలు పట్టవు, నీళ్లకు అక్షరం చెరగదు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను కూడా ఇలాగే రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక చిన్న అరలో భద్రపరిచారు. అలాటి రేకులు రెండువేలకు పైగా ఉన్నాయి. కాని తరవాతి తరాలవారు ఆ సంగతి మరిచిపోయారు. 1922 ప్రాంతంలో ఆ రేకులు బయటపడేదాకా వాటిలో ఏమున్నదీ లోకానికి తెలియలేదు.

దీనిలో రెండు నీతులున్నాయి. ఒకటి, చెడని వస్తువు మీద రాసి దాచాలి. రెండు, దాచితే మటుకు చాలదు. ఎక్కడ దాచామో, అందులో ఏమున్నదో మరొకరికి తెలియాలి. మన ఇంటి కాగితాలకు కూడా ఈ రెండే సూత్రాలు.

కాగితం అంకెలుగా మారటం

ఆదివారం నాడు గచ్చిబౌలిలో కంపెనీలో పనిచేసే మేనమామ వచ్చాడు. ఎండిన కాగితాలను చూసి, "అల్లుడూ! వీటన్నిటినీ అంకెలుగా మార్చేద్దాం పట్టు," అన్నాడు తమ్ముడితో.

"కాగితం అంకెలుగా ఎట్లా మారుతుంది మామా?" అన్నాడు తమ్ముడు.

మామ ఒక గళ్ల నోటుపుస్తకం తీసి, అందులో "అ" అని పెద్దగా రాశాడు. "సిరా పడిన గడికి 1, పడని గడికి 0 వెయ్యి. ఇప్పుడు వరసగా ఆ అంకెలు నాకు ఫోనులో చదివి వినిపిస్తే, నేను మా ఇంట్లో గళ్లు నింపుకుంటాను. నాకూ 'అ' వస్తుంది గదా?"

స్కానరు చేసే పని సరిగ్గా ఇదే. కాకపోతే గళ్లు చాలా చిన్నవి. మామూలు ఏ-ఫోర్ కాగితాన్ని, అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాను చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. మొత్తం దాదాపు 87 లక్షలు! ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో మూడు సంఖ్యలు చెబుతాయి. ఒక్కొక్క సంఖ్య 0 నుంచి 255 దాకా ఉండవచ్చు. అంటే ఒక్క కాగితానికి రెండున్నర కోట్లకు పైగా సంఖ్యలు.

ఇంత పెద్ద లెక్క ఫోనులో పట్టటానికి ఒక ఉపాయం ఉన్నది. కాగితంలో ఎక్కువ భాగం తెలుపే గదా! "తెలుపు, తెలుపు, తెలుపు" అని వెయ్యిసార్లు రాయటానికి బదులు "తెలుపు, వెయ్యిసార్లు" అని రాస్తే సరిపోతుంది. ఇలాటి ఉపాయాలతో లెక్కను ఇరవయ్యో వంతుకు కూడా కుదించవచ్చు.

అంకెలకు ఒక గొప్ప గుణం ఉన్నది. కాగితానికి జిరాక్సు, ఆ జిరాక్సుకు జిరాక్సు తీస్తూ పోతే అక్షరాలు మసకబారుతాయి. అంకెలను సరిగా ఎన్నిసార్లు ఎక్కించినా ఏడు ఏడుగానే ఉంటుంది. నూరో ప్రతి కూడా మొదటి ప్రతి అంత స్పష్టంగా ఉంటుంది.

పేరు పెట్టటంలో నేర్పు

తమ్ముడు కిటికీ దగ్గర వెలుతురులో కాగితాలు పరిచాడు. అక్క ఫోనును సరిగ్గా పైన పట్టుకుని, నీడ పడకుండా, నాలుగు మూలలూ వచ్చేటట్టు స్కాను చేసింది. వెనక వైపున ముద్రలున్న వాటికి వెనక వైపు కూడా తీసింది. వాటిని పి.డి.ఎఫ్. అనే రూపంలో దాచింది. ఈ రూపం 1993లో వచ్చింది. ఏ కంప్యూటరులో తెరిచినా కాగితం ఒకేలాగా కనిపించటం దీనిలోని సుగుణం. ఎన్నో ఏళ్లు దాచవలసిన పత్రాల కోసం దీనిలోనే ప్రత్యేకమైన పద్ధతిని 2005లో అంతర్జాతీయ ప్రమాణంగా ఒప్పుకున్నారు.

మామ ఇంట్లో ఒక్కొక్కరి పేర ఒక్కొక్క అర ఏర్పాటు చేశాడు. ఇల్లు, పొలం, కరెంటు కాగితాలకు "అందరిదీ" అనే అర వేరే పెట్టాడు. ఇక ఒక్కొక్క కాగితానికి పేరు: "2022-06-30 అక్క పదో తరగతి మెమో".

"సంవత్సరం ముందెందుకు మామా? మేము బడిలో తేదీ ముందు రాస్తాము," అన్నది అక్క.

"కంప్యూటరు పేర్లను ఎడమ నుంచి పోల్చుకుంటూ వరసలో పెడుతుంది కోడలా. తేదీ ముందు రాస్తే, అన్ని సంవత్సరాల ఒకటో తేదీలూ ఒకచోట చేరి గందరగోళమవుతుంది. సంవత్సరం, నెల, తేదీ అని రాస్తే పాత కాగితం నుంచి కొత్త కాగితం దాకా దానంతట అదే బారులు తీరుతుంది. జూన్‌ను 6 అనకుండా 06 అని రాయాలి. లేకపోతే అక్టోబరు వచ్చి జూన్ ముందు నిలబడవచ్చు."

ఇంతలో తమ్ముడు ఒక పాత ఉర్దూ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. దాని మూల ఎవరో పెన్సిలుతో "1346" అని రాసి పెట్టారు. "నాయనా! ఇది 1346 నాటిది! దాదాపు ఏడువందల ఏళ్ల కిందటిది!"

నాయన నవ్వాడు. "అది ఫసలీ సంవత్సరం బిడ్డా. నైజాం రోజుల్లో భూమి లెక్కలన్నీ ఫసలీలో రాసేవారు. దానికి 590 కలుపు."

తమ్ముడు లెక్క కట్టాడు. 1936 వచ్చింది. అది ముత్తాత పొలం కాగితం. దాని పక్కనే 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు కూడా దొరికింది. తెలంగాణలో భూమి ఎవరిదని తేల్చవలసి వచ్చినప్పుడు ఈనాటికీ ఈ పహాణీని తిరగేస్తారు. భూమి లెక్కల కోసం 2020లో ధరణి, దాని స్థానంలో 2025లో భూభారతి వచ్చాయి. లెక్కలు కంప్యూటరులోకి ఎక్కినా, ఇంట్లో ఉన్న పాత కాగితాన్ని పారేయకూడదు. స్కాను చేసిన తరవాత కూడా అసలు దస్తావేజులను భద్రంగా దాచుకోవాలి.

కాగితాలన్నీ ఒకచోట చేరేసరికి మరొక సంగతి బయటపడింది. మెమోలో అక్క ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉన్నది. ఆధార్‌లో పూర్తిగా ఉన్నది. అమ్మ పేరులోని "క్ష"ను ఒకచోట ఇంగ్లీషులో "కె, ఎస్, హెచ్" అనీ, మరొకచోట "ఎక్స్" అనీ రాశారు. ఇంటిపేరు ముందు రాసుకునే మన తెలుగువాళ్లకు ఈ చిక్కు మామూలే. మనకు ఇద్దరూ ఒకరే అని తెలుసు. కంప్యూటరుకు మటుకు వాళ్లు ఇద్దరు మనుషులు! పాస్‌పోర్టు కావలసిన రోజున ఈ సంగతి తెలిస్తే పరుగులు పెట్టాలి. ముందే తెలిసింది గనక నాయన తీరిగ్గా సరిచేయించవచ్చు.

ఫోటో వేరు, పత్రం వేరు

"అయితే రేపటి నుంచి ఫోనులో ఫోటో చూపిస్తే చాలునా?" అన్నాడు తమ్ముడు.

చాలదు. ఫోటోను ఎవరైనా మార్చవచ్చు. 60 మార్కులను 90 చేయవచ్చు. అందుకే మన దేశంలో 2015లో డిజీలాకర్ అనే ఏర్పాటు ప్రారంభించారు. అందులో మనం తీసిన ఫోటో కాకుండా, పత్రం ఇచ్చిన ఆఫీసు నుంచే నేరుగా పత్రం వస్తుంది. డ్రైవింగు లైసెన్సు, బండి కాగితం, చాలా పరీక్షల మార్కుల మెమోలు ఇలా దొరుకుతాయి. 2016లో చేసిన నియమాల ప్రకారం అలా వచ్చిన పత్రం అసలు దానితో సమానం.

అందులో మోసం లేదని ఎలా తెలుస్తుంది? డిజిటల్ సంతకం వల్ల. పత్రంలోని అంకెలన్నిటినీ ఒక లెక్కలో వేసి, 78 అంకెల దాకా ఉండే ఒక సంఖ్య తీస్తారు. పత్రంలో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఆ సంఖ్యకు ఆఫీసువారు తమ రహస్యపు తాళంచెవితో ముద్ర వేస్తారు. ఆ ముద్ర సరైనదో కాదో చూసే రెండో తాళంచెవి అందరికీ అందుబాటులో ఉంటుంది. ముద్రను ఎవరైనా పరీక్షించవచ్చు, వేయటం మటుకు ఒక్కరివల్లనే అవుతుంది.

ఆధార్ సంఖ్యలో కూడా ఇలాటి చమత్కారం ఒకటి ఉన్నది. దానిలోని 12 అంకెల్లో చివరిది కావలి అంకె. మొదటి 11 అంకెలతో ఒక లెక్క చేస్తే అది వస్తుంది. ఈ లెక్కను 1969లో వెర్‌హూఫ్ అనే డచ్చి గణితవేత్త కనిపెట్టాడు. పొరపాటున ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా, కావలి అంకె వెంటనే పట్టిస్తుంది.

మూడు ప్రతులు, రెండు తాళాలు

ఫోను పోవచ్చు, నీళ్లలో పడవచ్చు. పెన్‌డ్రైవ్ ఏళ్ల తరబడి సొరుగులో పడి ఉంటే దానిలోని విద్యుత్తు సన్నగిల్లి అంకెలు చెరగవచ్చు. ఒకప్పుడు ఇంటింటా ఉన్న ఫ్లాపీ డిస్కులను ఈనాడు తెరిచే కంప్యూటరు దొరకటమే కష్టం. అందుకని తెలిసినవాళ్లు "మూడు, రెండు, ఒకటి" అనే సూత్రం చెబుతారు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి మరొక ఊళ్లోనో, మరొక ఇంట్లోనో. నార్సింగివారు ఒకటి కంప్యూటరులోను, ఒకటి హార్డ్ డిస్కులోను ఎక్కించి, ఆ డిస్కును వరంగల్లులోని మేనత్త ఇంట్లో దాచారు. మూడోది ఇంటర్నెట్టులో పెట్టారు. దానిని అందరూ "క్లౌడు" అంటారు గాని, అది మేఘం కాదు. ఎక్కడో పెద్ద భవనంలో వరసగా పేర్చిన కంప్యూటర్లే. మూసీకి వరద వచ్చినా అక్కడికి నీళ్లు రావు.

ఇంటర్నెట్టులో పెట్టినదానికి తాళం గట్టిగా ఉండాలి. పొడుగాటి సంకేతపదం ఒక తాళం. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. రెండో తాళం. ఈ రెండోది ఎవరు ఫోను చేసి అడిగినా చెప్పకూడదు. ఆధార్ నకలు ఎవరికైనా ఇవ్వవలసివస్తే, ఒప్పుకున్నచోట చివరి నాలుగు అంకెలే కనబడే నకలు ఇవ్వాలి. జిరాక్సు షాపులో కాగితం అచ్చు తీయించుకున్న తరవాత, అక్కడి కంప్యూటరులోనుంచి దానిని చెరిపించి మరీ రావాలి.

మీరు చేయవలసిన పని

1. ఒక ఆదివారం పెద్దవాళ్లను అడిగి, ఇంట్లోని కాగితాలకు ఒక పట్టిక రాయండి. మీ జనన ధ్రువపత్రం ఉన్నదో లేదో ముందు చూడండి. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరవాత గాని పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువు అదే. మీ ఇంట్లో పసిపాప ఉంటే మరిచిపోవద్దు.

2. ఒక్కొక్కటే స్కాను చేసి, సంవత్సరం ముందు వచ్చేటట్టు పేరు పెట్టండి.

3. పేర్లు, తేదీలు అన్నిటిలోనూ ఒకటిగా ఉన్నాయో లేదో సరిచూడండి.

4. మూడు ప్రతులు చేయించండి. ఏది ఎక్కడున్నదో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి.

5. ఏటా ఒక రోజు పెట్టుకుని, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

ఇక నాయనమ్మ ఉత్తరం సంగతి.

సాయంకాలానికి పని అంతా అయిపోయింది. మామ ఆ నీలం కాగితాన్ని కూడా స్కాను చేసి, కంప్యూటరులో రంగులు తగ్గించీ పెంచీ చూశాడు. ఒకటి రెండు గీతలు తేలాయి గాని అక్షరాలు రాలేదు. "లాభం లేదు అత్తమ్మా. మెమో పోతే బోర్డు మళ్లీ ఇస్తుంది. దీన్ని మళ్లీ ఇచ్చే ఆఫీసు లేదు," అన్నాడు.

నాయనమ్మకు చదువు రాదు. ఏటా సంక్రాంతి నాడు ఆ ఉత్తరాన్ని ఎవరిచేతనో చదివించుకుని వినేది. మొదట మరిది చదివేవాడు, తరవాత నాయన, ఆ తరవాత అక్క. అలా యాభై ఏళ్లు విన్నది.

"చదవనక్కరలేదు బిడ్డా," అని ఆమె మొదలుపెట్టింది. క్షేమ సమాచారం నుంచి, మిల్లు సైరను నుంచి, మనియార్డరు పంపిన సంగతి నుంచి, చివరి చేవ్రాలు దాకా, ఎక్కడా తడుముకోకుండా ఉత్తరమంతా చెప్పేసింది.

తమ్ముడు ఫోను ఆమె ముందు పట్టుకుని మాటలు ఎక్కిస్తున్నాడు. అక్క పక్కన కూర్చుని కాగితం మీద రాసుకున్నది.

పిల్లలూ! మీ పట్టిక రాసేటప్పుడు ఇది జ్ఞాపకం పెట్టుకోండి. ఏ ఆఫీసూ మళ్లీ ఇవ్వలేని కాగితాలు మీ ఇంట్లో ఏవేవి ఉన్నాయో పెద్దవాళ్లను అడగండి. స్కాను చేయటం వాటితోనే మొదలుపెట్టండి.